తాపులోని తాత్పర్యము

పరభాషను నేర్చుకొనువాడు వ్యాకరణమును దాటి, నిఘంటువును దాటి, తుదకు ఆ జనులు నిత్యము పలుకు జాతీయముల యెదుట నిలుచును. అతని విద్యకు నిజమైన పరీక్ష అక్కడనే. ప్రతి పదమునకును అర్థము తెలిసియుండియు వాక్యము బోధపడని సంకటము జాతీయముల విషయమున ఎదురైనంతగా మఱియెక్కడను ఎదురుకాదు. స్పానిష్ నేర్చి, ఆ భాషనుండి ఇంగ్లీషులోనికి అనువదించుటను వృత్తిగానో వ్యాసంగముగానో స్వీకరింపదలచిన మన యువతీయువకులకు ఈ యధ్యాయమున నేనొక చిన్న క్షేత్రమును చూపదలచితిని. స్పెయినునందును, మెక్సికో మొదలు అర్జెంటీనా వఱకు గల దేశములందును కాలితో తన్నుటను ఆధారముగా గొని పుట్టిన జాతీయములే ఆ క్షేత్రము. వానిలో కోపము కలదు, ఏవగింపు కలదు, తొందర కలదు, మృత్యువు కలదు, కడకు సమృద్ధియు కలదు. ఒక్క క్రియ ఇన్ని భావములను మోయుచుండగా, ఆ క్రియనే పట్టుకొని వ్రేలాడు అనువాదకుడు అడుగడుగునను పొరపడును. పలికినవాని హృదయమును పట్టుకొన్నవాడు గట్టెక్కును. నేను చెప్పదలచిన దింతయే. మిగిలినదెల్ల దానికి నిదర్శనమును, సాధనక్రమమును.

కాలికి గల పేర్లు

ముందుగా పరికరములను గుర్తింతము. స్పానిషులో మనుష్యుని పాదము 'పియే', కాలు 'పియెర్నా'. జంతువు కాలికిని, బల్ల, కుర్చీ మొదలగువాని కాళ్లకును 'పాతా' అని పేరు. ఈ 'పాతా' నుండియే తన్ను అను అర్థము గల 'పతాదా' పుట్టినది. గిట్టలు గల పశువు విసరు తాపునకు 'కోస్' అని వేఱొక పేరు కలదు. మడమ అను అర్థము గల 'కాల్క్స్' అను లాటిను పదము దానికి మూలము. కాలి మొనతో తన్నినచో అది 'పుంతాపియే'. కావున మనుష్యుని కాలినే 'పాతా' యని పేర్కొన్నప్పుడు, ఆ మాటలో చనువుగాని, హాస్యముగాని, ఒకింత చులకనగాని తప్పక ఇమిడియుండును. ఈ భేదము నెఱుగనివాడు అర్థమును చెప్పగలడేమోగాని స్వరమును చెప్పలేడు.

'మేతేర్ లా పాతా' అనగా కాలు లోపల పెట్టుట. అనగా తప్పు చేయుట. ఇంగ్లీషులో 'పుట్ వన్స్ ఫుట్ ఇన్ ఇట్' అను జాతీయము సిద్ధముగా నున్నందున అనువాదకుడు సంతోషముతో దానినే గైకొనును. కాని ఇంగ్లీషు జాతీయము ప్రధానముగా సమయాసమయము లెఱుగక నోరుజారుటకు చెల్లును. స్పానిష్ జాతీయము లెక్కలో పొరపడిన గుమాస్తాకును, దారి తప్పిన బండివానికిని గూడ సరిపడును. విందులో విడాకుల ప్రసంగమెత్తి గృహిణి మనసు నొప్పించినవానికి ఆ ఇంగ్లీషు జాతీయము తగును. జమాఖర్చులలో ఒక అంకె తప్పినవానికి 'స్లిప్ అప్' చాలును. రెండు భాషలలోను పాదము కనబడుచున్నదని రెండింటి పరిధియు ఒక్కటే యని తలపరాదు.

వాక్యములోని క్రియను చూడుడు

'ఆ పతాదాస్' అను రెండు పదముల పలుకుబడిని పరిశీలింతము. మాటకు మాటగా దాని అర్థము 'తన్నులతో' అని. బార్సెలోనా నివాసి యొకడు వేసవిలో విసుగెత్తి 'అయ్ తురీస్తాస్ ఆ పతాదాస్' అన్నచో, పర్యాటకులు ఎవరినో తన్నుచున్నారని గాని, వారినెవరో తన్నుచున్నారని గాని అర్థము కాదు. ఎటు చూచినను వారే నిండియున్నారని భావము. అదే పలుకుబడి 'ఎచార్' అను క్రియతో కూడినప్పుడు ఒకనిని మెడబట్టి గెంటివేయుట యగును. 'త్రాతార్' అను క్రియతో కూడినప్పుడు ఒకనిని హీనముగా చూచుట యగును. మూడు వాక్యములకును ఇంగ్లీషులో మూడు వేఱు వేఱు దారులు. మొదటిదానికి 'ద ప్లేస్ ఈజ్ క్రాలింగ్ విత్ టూరిస్ట్స్' అనవచ్చును. అందు సంఖ్యతో పాటు విసుగును కనబడును. ఇంటిలో పుస్తకములు కుప్పలుతెప్పలుగా నున్నవని మురియుచు చెప్పువాని మాటకు ఆ 'క్రాలింగ్' పనికిరాదు; అక్కడ 'లోడ్స్ ఆఫ్ బుక్స్' అనవలెను. రెండవ వాక్యమునకు 'దే కిక్డ్ హిమ్ అవుట్' అని తన్నును తన్నుగానే నిలుపవచ్చును. మూడవదానికి 'దే ట్రీట్ హిమ్ లైక్ డర్ట్' అన్నచో తన్ను మాయమై ధూళి వచ్చును. అయినను పరాభవము చెక్కుచెదరదు.

దీనివలన మనకు లభించు మొదటి సూత్రము: జాతీయమును ఒంటరిగా అనువదింపరాదు. అది ఏ క్రియను ఆశ్రయించినదో, ఎవరి నోటినుండి వెలువడినదో, విసుగుతోనో మురిపెముతోనో తేల్చుకొని, పిమ్మటనే కలమును కదల్పవలెను.

బాధ ఎక్కడ తగిలినది

స్పానిష్ ప్రజలు తమ కిష్టములేని దానిని గూర్చి 'మే దా సియెన్ పతాదాస్' అందురు: అది నన్ను నూఱు తన్నులు తన్నుచున్నదని. ఒక మాట మిక్కిలి కష్టము కలిగించినప్పుడు అది కడుపులో తన్నిన తన్నువలె తగిలినదందురు. కొందఱు కడుపునకు బదులు కాలేయమును చెప్పుదురు. తినిన చేప పడకపోయినను ఇదే మాట చెప్పుదురు. ఇట్లు ఒకే ఉపమానము భోజనమునకును, భాషణమునకును, మెక్సికోలో గిట్టని మనుష్యునికిని గూడ వర్తించుచున్నది.

ఇంగ్లీషులో 'ఎ కిక్ ఇన్ ద టీత్' అను జాతీయ మున్నది. కాలును ఉన్నది, దేహాంగమును ఉన్నది. కడుపునకు మాఱుగ దంతములు వచ్చినవి, అంతే గదా యని అనువాదకుడు భ్రమపడును. కాని ఆ ఇంగ్లీషు జాతీయమున ఒక అన్యాయపు ఛాయ కలదు. ఆదరమును ఆశించినవానికి తిరస్కారము ఎదురగునప్పుడు, ఏండ్లకొలది సేవ చేసినవానిని కాదని నిన్న వచ్చినవానికి పదవి నిచ్చినప్పుడు ఇంగ్లీషువారు ఆ మాట వాడుదురు. స్పానిష్ పలుకుబడికి అంతటి కథ అక్కరలేదు. అప్రియత్వ మొక్కటి చాలును. కావున పడని చేపను గూర్చి 'ద ఫిష్ డిడ్ నాట్ ఎగ్రీ విత్ మీ ఎట్ ఆల్' అనుటయు, గిట్టని మనుష్యుని గూర్చి 'ఐ కాంట్ స్టమక్ హిమ్' అనుటయు యుక్తము. ఈ రెండవ వాక్యమున తన్ను పోయినను కడుపు మిగిలినది. అట్టి అదృష్టము లభించినచోట దానిని విడువరాదు.

మన తెలుగువారు ఇక్కడ మఱొక జాగ్రత్త వహింపవలసియున్నది. పొట్టమీద కొట్టుట యనగా మనకు జీవనాధారమును హరించుట. ఆ సంస్కారము బాల్యమునుండియు మనసులో నాటుకొనియుండుటచే, స్పానిష్ వాక్యమున కడుపును తన్నును కలిసి కనబడినంతనే ఎవరో ఎవరి బ్రతుకుతెరువునో చెఱచిరని మనకు తోచును. రెండు పరభాషల నడుమ పనిచేయువాని మనసులో మాతృభాష నిశ్శబ్దముగా మూడవ సాక్షియై కూర్చుండును; ఆ సాక్షి చెప్పునది వినవచ్చును గాని విచారింపక నమ్మరాదు.

దేశమును బట్టి అర్థము

ఇరువది దేశములలో అధికారభాషయైన స్పానిషున ఒకే తన్ను దేశముతోపాటు స్వభావమును మార్చుకొనును. 'ఎన్ దోస్ పతాదాస్', అనగా రెండు తన్నులలో, అన్నచో పని క్షణములో ముగియునని భావము. 'ఇన్ నో టైమ్' దానికి చక్కగా సరిపోవును. కాని మెక్సికో విద్యార్థి యొకడు పరీక్షను గూర్చి 'మే ఫూయే దే లా పతాదా' అన్నచో, పరీక్ష త్వరగా ముగిసినదని గాదు, తాను ఘోరముగా వ్రాసితినని అతని మొఱ. 'ఇట్ వెంట్ టెరిబ్లీ' అని సూటిగా చెప్పుటయే అక్కడ మేలు. అర్జెంటీనాలో 'పతెఆర్ ఎల్ తబ్లేరో' అనగా చదరంగపు బల్లను తన్నుట; అనగా అందఱు అంగీకరించిన ఏర్పాటును ఒక్కసారిగా తలక్రిందులు చేయుట. ఇంగ్లీషులో దానికి సమీపమైనది 'అప్‌సెట్ ది ఆపిల్ కార్ట్'. చదరంగపు బల్ల పోయి ఆపిలుపండ్ల బండి వచ్చినను భంగము భంగముగానే నిలిచినది. అయితే ఇంగ్లీషు జాతీయమున పొరపాటున చెడగొట్టుటయు ఇమిడియుండును. అర్జెంటీనావాని తన్ను ఉద్దేశపూర్వకము. ఆ పట్టుదలను వాక్యములో మఱొకచోట సూచించి లోటును పూరింపవలెను.

'పతాదాస్ దే అఓగాదో' అను మాట మిక్కిలి భావగర్భితమైనది. మునిగిపోవుచున్నవాని తన్నులని దాని అర్థము. ఓటమి నిశ్చయమైన పిదప పోటీదారుడు చేయు వ్యర్థప్రయత్నములను లాటిన్ అమెరికా రాజకీయ ప్రసంగములలో ఇట్లు వర్ణింతురు. ఇంగ్లీషులోను మునిగిపోవువా డున్నాడు. కాని అతడు తన్నడు, గడ్డిపోచను పట్టుకొనును. మన తెలుగులోను అతని చేతికి దొరకునది గడ్డిపోచయే. ఈ పోలికను చూచి 'క్లచింగ్ ఎట్ స్ట్రాస్' అని వ్రాయుట సులభము, తొందరపడరాదు. గడ్డిపోచను పట్టుకొనువానికి ఇంకను ఆశ కలదు, ఆ ఆశ దుర్బలమని చెప్పుటయే ఇంగ్లీషువాని తాత్పర్యము. నీటిలో కాళ్లు కొట్టుకొనువానికి ఆశ ఉడిగినది. చూచువానికి జాలియు లేదు, పైగా ఎత్తిపొడుపు కలదు. కావున 'డెత్ థ్రోస్' అనుటయో, 'ద లాస్ట్ డెస్పరేట్ ఫ్లెయిలింగ్ ఆఫ్ ఎ బీటెన్ మాన్' అని కొంచెము విస్తరించుటయో ఉచితము. పోలికగల చిత్రముకంటె పోలికగల ఉద్దేశము విలువైనది.

ఉభయులకును సొత్తైన తన్ను

కొన్ని జాతీయములు ఏ యొక్క జాతికిని చెందక పలు జాతులకు ఉమ్మడి ఆస్తియై యుండును. 'దార్ కోసెస్ కోంత్రా ఎల్ అగిహోన్' అట్టిది. ఎద్దును అదలించు మునికోలను ఆ యెద్దు తన్నినచో గాయపడునది ఎద్దే గాని మునికోల గాదు. తనకంటె బలవత్తరమైన దానితో వ్యర్థముగా పెనుగులాడుట యని భావము. క్రీస్తుకు పూర్వము 458లో ప్రదర్శింపబడిన ఈస్కిలస్ విషాదనాటకము 'ఆగమెమ్నాన్'లో ఈ మాట యున్నది; బైబిలులో అపొస్తలుల కార్యముల 26వ అధ్యాయమున దమస్కు మార్గముననైన దర్శనమును పౌలు వర్ణించుచోట ఉన్నది; తెలుగు బైబిలునందును 'మునికోల'యే నిలిచినది. స్పానిష్ నవల 'డాన్ క్విహోటే' మొదటిభాగము 20వ అధ్యాయమున, రాత్రివేళ రోసినాంతే గుఱ్ఱపు కాళ్లను రహస్యముగా కట్టివేసి యజమానుని కదలనీయకుండ చేసిన సేవకుడు సాంచో, విధితో పెనగులాడవలదని హితవు చెప్పుచు ఈ మాటనే వాడును. ఆ గ్రంథపు తొలి ఇంగ్లీషు అనువాదము థామస్ షెల్టన్ చేతిమీదుగా 1612లో వెలువడినది. అంతకు ముందటి సంవత్సరమే వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలులో 'కిక్ ఎగైన్‌స్ట్ ద ప్రిక్స్' అను రూపము కలదు.

ఇట్టి చోట మాటకు మాట పెట్టుటయే ధర్మము. వెదకి వెదకి క్రొత్తదానిని కల్పించుట అనవసరము. అయినను ఒక్క విషయము గమనింపవలెను. ఇంగ్లీషులోని 'ప్రిక్' అను మాట నేటి వాడుకలో ఒక అసభ్యార్థమును సంపాదించుకొన్నది. ప్రాచీన గ్రంథమునకు ఆ రూపము ఇప్పటికిని శోభించును. నేటి వార్తావ్యాసమునకు 'గోడ్' అను మాట క్షేమము.

మరణమును చెప్పునప్పుడు

'ఎస్తిరార్ లా పాతా' అనగా కాలు చాచుట, అనగా చచ్చుట. ఇంగ్లీషులోని 'కిక్ ద బకెట్' దీనికి సరియైన జోడు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ ప్రకటించిన గ్రామ్యభాషా నిఘంటువున ఆ ఇంగ్లీషు మాట అప్పటికే చేరియున్నది. రెండును హాస్యమునకు చెల్లును, రెండును గౌరవమునకు చెల్లవు. మన భాషలోను వేడుకగా 'బాల్చీ తన్నేశాడు' అనువారు కలరు. ఇంగ్లీషు బకెట్టు మన యింటికి ఎట్లు వచ్చినదో ఆ మాటయే చెప్పుచున్నది. అయితే బకెట్టును తన్నుట యన్నిచోట్లను మరణము గాదు. స్పానిషునకు సోదరభాషయైన పోర్చుగీసులో, విశేషించి బ్రెజిలునందు, 'షుతార్ ఊ బాల్జీ' అన్నచో సహనము నశించి, తెగించి, అన్నిటిని వదలివేయుట యని అర్థము. బ్రెజిలు మిత్రుడు బకెట్టును తన్నినాడని విని సంతాపలేఖ వ్రాయువాడు ఎంతటి కలవరము కలిగించునో ఊహించుడు.

ఇక్కడ రెండవ సూత్రము: మాటయొక్క స్థాయిని నిలుపుడు. నవలలో తాగుబోతు తన శత్రువు చావును గూర్చి 'పాతా' చాచెనన్నప్పుడు దానిని 'పాస్డ్ అవే' అని మర్యాదగా మార్చువాడు ఆ పాత్రను చంపుచున్నాడు. మృతుని కుమార్తె మర్యాదగా పలికిన మాటకు బకెట్టును తగిలించువాడు ఆమెను అవమానించుచున్నాడు. మోటుమాటను మోటుగాను, సున్నితమైనదానిని సున్నితముగాను చెప్పుటయే అనువాదకుని సత్యనిష్ఠ.

తన్ను లోపించుచోటు, తన్ను లభించుచోటు

రంగులు ఒకదాని కొకటి నప్పనప్పుడు స్పానిషులో అవి తన్నుకొనుచున్నవందురు. ఇంగ్లీషులో 'క్లాష్' అందురు. భాషను తప్పులతడకగా వాడువాడు నిఘంటువును తన్నెనందురు. ఇంగ్లీషువారు అతడు భాషను హత్య చేసెనందురు. నాటకము నచ్చని ప్రేక్షకులు స్పెయినులో నేలను కాళ్లతో దడదడ తన్నుట యుండెడిది, దానికి 'పతేఓ' అని పేరు. ఇంగ్లీషు ప్రేక్షకుల నిరసనకు నోరే సాధనము గనుక 'బూ' అను క్రియ వచ్చును. ఉద్యోగమునుండి తొలగింపబడినవానిని చిట్టికాళ్లతో వీథిలో నిలిపిరందురు. ఇంగ్లీషులో అతనికి 'బూట్' లభించును. ఈ చివరి జోడులో తన్ను స్పానిషున లేదు, ఇంగ్లీషున ఉన్నది.

ఇట్లే మఱికొన్ని కలవు. చేపవలె తోకాడించుచు బ్రతికియున్నదను 'బీబీతో ఈ కొలెఆందో' అను స్పానిష్ మాటకు ఇంగ్లీషు జోడు 'ఎలైవ్ అండ్ కికింగ్'. జుట్టు పీకికొందునను స్పానిష్ పశ్చాత్తాపము ఇంగ్లీషులో 'ఐ కుడ్ కిక్ మైసెల్ఫ్' అని తన్నును తనవైపు త్రిప్పుకొనును. కావున ఒకచోట తన్నును విడిచితినని చింతింపవలదు. గ్రంథము నంతటిని ఒక్కటిగా చూచువానికి పోయినదానికంటె వచ్చినది తక్కువగా నుండదు. ఇదియే మూడవ సూత్రము: లాభనష్టములను వాక్యమునందు గాక, మొత్తము రచనయందు లెక్కింపుడు.

అభ్యాసక్రమము

ఈ విద్యను అలవఱచుకొనుటకు ఒక నోటుపుస్తకము చాలును. క్రొత్త జాతీయము తారసిల్లినప్పుడు ముందుగా అది కనబడిన పూర్తి వాక్యమును వ్రాసికొనుడు; ఒంటి జాతీయమును వ్రాసికొనినచో నెల దాటునప్పటికి దాని ప్రాణము పోవును. పిదప దాని దేశమును, పలికినవాని వయసును హోదాను, వినువానితో అతనికి గల సంబంధమును తెలిసినంతవఱకు గుర్తింపుడు. అటుపిమ్మట జాతీయ మేమియు లేకుండ ఆ భావమును సాదా ఇంగ్లీషులో ఒక్క వాక్యముగా వ్రాయుడు. ఈ మెట్టు మిక్కిలి ముఖ్యము. సాదాగా చెప్పలేనివాడు తనకు అర్థమైనదని అనుకొనుచున్నాడు గాని అర్థము కాలేదు. ఆ సాదా వాక్యమును ముందు పెట్టుకొని, ఇంగ్లీషు మాటాడువాడు అదే సందర్భమున, అదే కోపముతో లేక అదే చనువుతో ఏమనునని ఆలోచింపుడు. తగిన జాతీయము దొరకెనా, గ్రహింపుడు. దొరకలేదా, సాదా వాక్యమునే నిలుపుడు. బలవంతముగా తెచ్చిన జాతీయముకంటె నిరాడంబరమైన వాక్యము ఎల్లప్పుడును గౌరవనీయము. మఱునాడు మూలమును మూసి, మీ ఇంగ్లీషును మాత్రము బిగ్గరగా చదువుకొనుడు. ఎక్కడ నాలుక తడబడునో అక్కడ స్పానిష్ ఇంకను అడుగున దాగియున్నదని తెలియుడు.

ఈ సాధనకు ఓర్పు వలయును. మారియా మొలినేర్ అను గ్రంథాలయోద్యోగిని 1950 దశకమున తన యింటిలో కూర్చుండి, స్పానిష్ పదముల నిజమైన వాడుకను చూపు నిఘంటువునకు పూనుకొనినది. అది 1966, 1967 సంవత్సరములలో రెండు పెద్ద సంపుటములుగా వెలువడినది. విద్యాపీఠపు పదవి గాని సహాయకుల సేన గాని లేని ఒక ఉద్యోగిని ఇంతటి పనిని సాధింపగా, మీ నోటుపుస్తకమున కొన్ని వందల వాక్యములను నింపుట మీకు అసాధ్యము గాదు.

జాతీయములతో చేయు ఈ పరిశ్రమ అనువాదమునకు మాత్రమే గాక జీవనమునకును ఉపకరించును. ఎదుటివాడు పలికిన మాటను వినినంతనే దాని పైయర్థమునకు బదులు చెప్పక, ఏ బాధతో, ఏ తొందరతో, ఏ చనువుతో పలికెనని ఒక్క క్షణము విచారించు అలవాటు కుటుంబమునందును, కార్యాలయమునందును కలహములను తగ్గించును. కావున, పాఠకులారా, మీరు నేడే ఒక స్పానిష్ కథను గాని వార్తాపత్రికను గాని తీసికొని, అందు కనబడిన మొదటి 'పతాదా'ను పట్టుకొని, పైన చెప్పిన క్రమమున దానిని ఇంగ్లీషులోనికి తెండు. రేపు రెండవదానిని తెండు. తప్పు తేలినచో దిద్దుకొనుడు, ఒప్పు తేలినచో తేదీతో వ్రాసియుంచుడు. ఒక సంవత్సర మిట్లు పనిచేసిన పిదప మీ అనువాదమును చదువు ఇంగ్లీషు పాఠకునికి స్పానిష్ వాని కోపమును, హాస్యమును, జాలియు సూటిగా అందును.